మా దొడ్లో మూడు సెంట్లు



మొన్న బీర పందిరి ఫొటో పెడితే చాలామంది అడిగారు, "పందిరికి ఎంతయింది? పైపులు ఎక్కడ కొన్నావు?" అని. కొనలేదు నాయనా. అవి కాలిపోయిన బోరు మోటారు బయటికి తీసినప్పుడు దాంతో పాటు వచ్చిన పాత ఇనప పైపులు. తుప్పు పట్టి దొడ్లో పడి ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాయటం నా వల్ల కాదు కాబట్టి మొత్తం ఒకే చోట రాస్తున్నా. కాస్త పొడుగవుద్ది. పనులయ్యాక మంచం మీద పడుకుని తీరిగ్గా చదువుకోండి.

ముందు నా సిగ్గు సంగతి చెప్తా.

మాది పల్నాడు. సాగర్ కుడి కాలువ కింద చివరి భూములు. సొంతం ఎకరం ముప్పావు, ఇంకో రెండెకరాలు కౌలు. ఇంటరు దాకా చదివి అరక పట్టినోణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా మిర్చి, పత్తి, మళ్ళీ మిర్చి. ఇంటి వెనక దొడ్డి మూడు సెంట్లు, అంటే 145 గజాలు. మా అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ దొడ్లో కూరగాయ లేని రోజు లేదు. గోడ పక్కన పొట్ల, పాక మీద గుమ్మడి, బావి గట్టు మీద బచ్చలి. అమ్మ పోయాక ఆ దొడ్డి నా సామాన్ల గది అయింది. చిరిగిన డ్రిప్పు పైపుల చుట్టలు, ట్రాక్టరు టైర్లు, మిర్చి నారు తెచ్చిన ప్లాస్టిక్ ట్రేలు, యూరియా సంచులు, మల్చింగ్ షీటు ముక్కలు, ఖాళీ మందు డబ్బాలు. పాములు తిరుగుతున్నాయని మా ఇంటామె చీకటి పడితే అటు పోయేది కాదు.

కూరగాయలు సంతలో కొనేవాళ్ళం. ఒకసారి నేను సంతలో టమాటాలు ఏరుతుంటే అమ్మేవాడు నా చేతులు చూసి, "రైతువేనా పెద్దాయనా?" అన్నాడు. అవునన్నా. "మరి పచ్చిమిరపకాయలు కూడా కొంటున్నావే" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. రెండెకరాల మిర్చి తోట ఉన్నోణ్ణి పావుకిలో పచ్చిమిరపకాయలు కొంటున్నా. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు. మొన్న కొట్టిన మందు ఏంటో మనకి తెలుసు గదా. మన తోటలో కాయ మనమే ఇంటికి తీసుకుపోం. ఇంకొకరి తోటలో కాయ డబ్బులిచ్చి కొనుక్కుంటాం. వాళ్ళేం కొట్టారో మనకి తెలియదు కాబట్టి ధైర్యంగా తింటాం.

ఆ సంగతి ఆ రోజుకి మర్చిపోయా. తర్వాత 2021 వచ్చింది.

ఆ సంవత్సరం మిర్చి వేసినవాళ్ళకి నేను చెప్పేదేముంది? నల్ల తామర పురుగు. పూతలో కూర్చునేది. పొద్దున పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లగా జీలకర్ర కంటే సన్నంగా పది పదిహేను పాకేవి. పూత పూతంతా రాలిపోయేది. ఒకడు ఈ మందన్నాడు, ఇంకొకడు ఆ మందన్నాడు. నాలుగు రోజులకోసారి కొట్టా. నీలం అట్టలు కట్టా, పసుపు అట్టలు కట్టా. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు వచ్చే చోట మూడున్నర వచ్చాయి. కౌలు కట్టాలి, మందుల కొట్టు బాకీ కట్టాలి, వడ్డీ కట్టాలి. లెక్క రాసుకుంటే రాసుకున్నకొద్దీ కాగితం పొడుగయింది గానీ ఎక్కడా కుదర్లేదు.

తోట దున్నేసి ఇంటికొచ్చి పడుకున్నా. పడుకున్నానంటే మామూలుగా పడుకోటం కాదు. పదిహేను రోజులు మంచం దిగబుద్ధి కాలేదు. ఎవరన్నా వస్తే నిద్రపోతున్నట్టు అటు తిరిగేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం లేచి దొడ్లోకి పోయి చూస్తే మూలన ఉండాల్సిన మందు డబ్బాలు లేవు. సగం వాడినవి, సీలు తియ్యనివి, ఏవీ లేవు. "ఏవి?" అని అడిగా. మా ఇంటామె కడుగుతున్న గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా, "మా తమ్ముడు పట్టుకెళ్ళాడు, వాళ్ళ చేలో కొట్టుకోడానికి" అంది. వాళ్ళకి మిర్చి లేదు, వరి. నేనేం మాట్లాడలా. ఆమె కూడా ఏం మాట్లాడలా. అంతే. ఆ సంగతి ఇంతవరకూ మా ఇద్దరి మధ్య కూడా మాటల్లోకి రాలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇది చదివే మీలో ఎవరో ఒకరు ఇవాళ అట్టా గోడవైపు తిరిగి పడుకుని ఉంటారు. వాళ్ళకి ఒక్కటే చెప్తున్నా, ఎవరో ఒకరితో మాట్లాడండి. బాకీ ఎంతో బయటికి చెప్పండి. చెప్పాక బాకీ తగ్గదు గానీ, దాన్ని ఒక్కడివే మొయ్యక్కర్లేదు. ఇంట్లో వాళ్ళకి ఒక మాట, అట్టా ఉన్న మనిషి చేతికి అందేచోట డబ్బాలు ఉంచకండి.

రెండు రోజుల తర్వాత ఆమె మంచం పక్కన నిలబడి, "ఏమయ్యా, దొడ్లో బీర గింజలు వేశా. మొలిచాయి. పందిరి లేదు. నేను గుంజలు పాతలేను, లేచి వేసిపెట్టు" అంది. బతిమాలినట్టు కాదు, కూలీకి పని చెప్పినట్టు చెప్పింది. చూస్తే నిజంగానే జానెడు ఎత్తు లేచాయి, తీగ చేతులు చాపి పట్టుకునేదాని కోసం గాల్లో వెతుకుతున్నాయి. సరేలే అని లేచా.

ఇదిగో, ఆ పందిరి ఇట్టా వేశా. నాలుగు మూలలా మోకాలి లోతు గుంటలు తీసి పాత ఇనప పైపులు నిలబెట్టి, రాళ్ళు దిమ్మిస కొట్టా. పైన నాలుగువైపులా మిగిలిన పైపు ముక్కలు కట్టా. మధ్యలో జానెడు జానెడు దూరంలో చిరిగిన డ్రిప్పు పైపులు అడ్డం, నిలువు అల్లా. ముడులు వెయ్యటానికి పాత నూలు చీర చించి పేలికలు చేశా. కొన్నది ఏమీ లేదు. సాయంత్రానికి అయిపోయింది. తీగని చేత్తో పట్టుకుని గుంజకి ఎక్కించా. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కాళ్ళు నొప్పులు పుట్టి నిద్ర పట్టింది.

అయితే ఆ పందిరి నిలవలేదు, అది కూడా చెప్పాలి. కాయలు బరువెక్కాక డ్రిప్పు పైపులు ఉయ్యాల లాగా సాగిపోయాయి. మేలో గాలివాన కొట్టింది, మొత్తం ఒక పక్కకి ఒరిగింది. రెండోసారి ఒక కిలో బైండింగ్ వైరు కొని డ్రిప్పు పైపుల కింద బిగించి లాగా. నాలుగు మూలల నుంచీ నేలలోకి మేకులు కొట్టి, టెంటుకి తాళ్ళు కట్టినట్టు వైరు లాగి కట్టా. ఎత్తు కూడా తగ్గించా. మనిషి చెయ్యెత్తితే కాయ అందాలి, అంతే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ ఎక్కువ. మీరు ఫొటోలో చూసింది ఆ రెండో పందిరి.

పందిరి అయ్యాక చేతులు ఊరుకోలేదు. దొడ్లో ఏది చూసినా ఇది దేనికి పనికొస్తుందా అనిపించేది. మిర్చి నారు ట్రేలు కడిగి, మట్టి, చివికిన పశువుల ఎరువు సగం సగం కలిపి నింపి టమాటా, వంగ నారు పోశా. టైర్లలో పుదీనా, కొత్తిమీర. మల్చింగ్ షీటు ముక్కలు మాత్రం వాడలా. ఎండకి పెళుసెక్కి పొడి పొడిగా రాలి మట్టిలో కలుస్తున్నాయి. అవి ఏరి పారెయ్యటానికే రెండు రోజులు పట్టింది.

నీళ్ళ సంగతి పెద్ద తలనొప్పి. ఎండాకాలం మా ఊళ్ళో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. మా అమ్మ పాదుల మధ్య కుండ పాతేది, ఆ సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో నిరుడు ఎండాకాలం కొన్న రంగు వేసిన కుండలు రెండున్నాయి, అవి తీసుకుని మెడ దాకా పాతి నీళ్ళు పోశా. మూడు రోజులైనా నీళ్ళు దిగలా. ఎందుకా అని చూస్తే పైన రంగు పూసి ఉంటే మట్టి చెమర్చదు. మా అమ్మ వాడింది రంగు లేని పచ్చి కుండ, అంటే మామూలుగా కాల్చిన మట్టి కుండ. కుమ్మరాయన దగ్గరికి పోతే అంచులు విరిగినవి ఐదు ఊరికే ఇచ్చాడు. అవి పాతి, నీళ్ళు నింపి, దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి పెంకు కప్పా. కుండ చుట్టూ జానెడు దూరంలో గింజలు పెట్టా. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. వేళ్ళు కుండని గూడు లాగా అల్లుకుంటాయి. పైన మట్టి తడవదు కాబట్టి కలుపు కూడా తక్కువ.

అంట్లు తోమిన నీళ్ళు కూడా కాలవ తీసి అరటి చెట్ల మొదట్లోకి మళ్ళించా. ముందు పుదీనాకి పెట్టా, సబ్బుకి మాడిపోయింది. అరటి మాత్రం తట్టుకుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఈ రాత మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఇదే.

చిన్న మొక్కలకి నీళ్ళు జల్లటానికి జల్లు డబ్బా కావాలి. బజార్లో ఉంది, కానీ అప్పటికి నాకు ఏదీ కొనకూడదని పంతం వచ్చింది. కొత్త పంటకి కొన్న మందుల్లో లీటరు డబ్బా ఒకటి ఖాళీ అయింది. గట్టి డబ్బా, చేతిపిడి ఉంది, బిరడా బిగువుగా ఉంది. రెండు మూడు సార్లు కడిగా. మేకు కాల్చి బిరడాకి పది బెజ్జాలు పెట్టా. నీళ్ళు పోసి వంచితే సన్న తుంపర, అచ్చం వాన పడ్డట్టు. భలే కుదిరిందని నాలో నేనే మురిసిపోయా.

దసరా సెలవులకి మా అమ్మాయి, మనవరాలు వచ్చారు. పిల్లకి అప్పుడు నాలుగేళ్ళు. నా వెనకాలే తిరుగుతూ, "తాతా, నేను పోస్తా" అని ఆ డబ్బా లాక్కుంది. ఇచ్చా. నేను వంగి కలుపు పీకుతున్నా. తల ఎత్తి చూసేసరికి పిల్ల డబ్బా నోటికి ఎత్తి పెట్టుకుని ఆ తుంపర నోట్లో పట్టుకుంటోంది. నవ్వుతోంది.

నా గుండె ఆగిపోయింది. డబ్బా లాగి పారేశా. మా ఇంటామె పరిగెత్తుకొచ్చింది. పిల్ల నోరు కడిగి, బండి మీద పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ కంగారులో కూడా మా అమ్మాయి ఒక తెలివైన పని చేసింది, ఆ డబ్బా సంచిలో వేసుకుని తెచ్చింది. డాక్టరు ముందు అడిగింది డబ్బా ఏదనే. దాని మీద పేరు చూసి, ఏం చెయ్యాలో చూసుకుని, సాయంత్రం దాకా కదలనివ్వకుండా ఉంచాడు. దేవుడి దయ, ఏమీ కాలేదు. బాగా కడిగిన డబ్బా కాబట్టి, ఒక గుక్కే కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇవాళ ఈ రాత లేదు.

ఇంటికొచ్చాక మా ఇంటామె నన్ను తిట్టలా. అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలా. తర్వాత, "ఒకసారి ఆ డబ్బాలు ఇంట్లోంచి పంపించేశాను గదయ్యా. మళ్ళీ నువ్వే దొడ్లోకి తెచ్చావా?" అంది. తమ్ముడు చేలో కొట్టుకోడానికి తీసుకెళ్ళాడన్న మాట అబద్ధమని ఆమె ఒప్పుకోటం అదొక్కసారే. నేను తల వంచుకుని కూర్చున్నా.

మనందరం చేస్తాం ఈ పని. మందు డబ్బా కడిగి కిరసనాయిలు పోస్తాం, పొలానికి తాగే నీళ్ళు తీసుకుపోతాం, గేదెలకి దాణా కొలుస్తాం. కడిగాం గదా అనుకుంటాం. ప్లాస్టిక్ మందుని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు. డబ్బా మీద ముక్కోణాల గుర్తు ఉంటుంది చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగొచ్చని కాదు. డబ్బా ఖాళీ అయ్యాక మూడుసార్లు నీళ్ళతో గిలకొట్టి, ఆ నీళ్ళు కూడా పంపులోనే పోసి చేలో కొట్టెయ్యండి, కాలవలో పొయ్యొద్దు. తర్వాత ఇంకెవరూ వాడకుండా గడ్డపారతో బెజ్జం పొడవండి. ఇంటికి మాత్రం తేవద్దు. ఎవరి నోట్లోకన్నా పోతే ఆ డబ్బా వెంట పెట్టుకుని వెంటనే ఆసుపత్రికి పొండి.

ఇప్పుడు మా జల్లు డబ్బా వంటనూనె ఐదు లీటర్ల డబ్బా. అదే మేకు, అవే బెజ్జాలు. అచ్చం అట్టాగే పని చేస్తుంది. మొదటే అది తీసుకుని ఉంటే పోయేది. పనికిరాని సామానుతో పనికొచ్చేది చెయ్యటం మంచి తెలివే, కానీ అది ఏ సామాను అనేది ముందు చూసుకోవాలి.

ఆ రోజు నుంచీ దొడ్లో మందు అనే మాట లేదు. పేనుబంక వస్తే పొద్దున్నే మంచు తడి ఉండగా పొయ్యి బూడిద జల్లుతున్నా. ఎక్కువైతే వేప గింజల కషాయం. లీటరు నీళ్ళకి 50 గ్రాముల వేప పప్పు దంచి, గుడ్డలో మూట కట్టి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొడతా. పసుపు రంగు పాత నూనె డబ్బా రేకు కోసి ఆముదం రాసి కర్రకి తగిలించా. తెల్లదోమ దానికి అతుక్కుంటుంది. కొనుక్కునే అట్ట లాంటిదే ఇది.

కాకర, బీర, సొర పిందెల్ని పండు ఈగ పొడిచేస్తుంది. పిందె పడగానే పాత పేపరు గొట్టం లాగా చుట్టి తొడుగుతున్నా. పుచ్చి రాలినవి అక్కడే వదలకుండా లోతుగా పాతిపెడుతున్నా, వదిలితే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది.

ఇంకో సంగతి చెప్తే నవ్వుతారు. చిక్కుడు పాదు మీద నల్లగా, మధ్యలో నారింజ చుక్కలతో, మొసలి పిల్ల లాగా ఉండే చిన్న పురుగు పాకుతుంటే నలిపేసేవాణ్ణి. చూడటానికే భయంగా ఉంటుంది. ఒకరోజు కూర్చుని చూస్తుంటే అది పేనుబంకని ఒక్కొక్కటే పట్టుకుని తింటోంది. తర్వాత తెలిసింది, అది అక్షింతల పురుగు పిల్ల అని. అదే, ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే గుండ్రటి పురుగు, చిన్నప్పుడు చేతి మీద పాకించుకునేవాళ్ళం చూడండి, దాని పిల్ల. ముప్పై ఏళ్ళు మిర్చి చేలో దాన్ని చంపటానికి డబ్బులిచ్చి మందు కొన్నా నేను. నా పని చేసిపెట్టే కూలీని నేనే చంపుకున్నా.

చిక్కుడు అంటే గుర్తొచ్చింది. ఆషాఢంలో పెట్టిన పాదు శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం దాటినా పందిరంతా కమ్ముకుంది గానీ ఒక్క పువ్వు లేదు. ఉత్త ఆకే. విసుగొచ్చి పీకేద్దామని కొడవలి పట్టుకున్నా. పక్కింటి ముసలామె గోడ మీద నుంచి చూసి, "ఆగు అబ్బాయ్, చలి తగలాలి దానికి. కార్తీకం రానీ" అంది. ఆమె మాట నిజం. పొద్దు తగ్గితే గానీ మన నాటు చిక్కుడు పూత పట్టదు. కార్తీక మాసంలో మొదలుపెట్టి సంక్రాంతికి చేటలు చేటలు కాసింది. రథసప్తమి నాడు మా ఇంటి చిక్కుడు ఆకుల్లోనే పరమాన్నం పెట్టుకున్నాం. మా అమ్మ ఉన్నప్పటి తర్వాత ఆకులు ఇంకొకరింట అడక్కుండా పండగ చేసుకోవటం అదే మొదలు.

సొరపాదు మొదట పిందె పడి, పసుపెక్కి రాలిపోతుండేది. తెగులేమో అనుకున్నా. కాదు, తేనెటీగలు లేవు. చుట్టూ చేలల్లో మనం కొడుతున్న మందులకి ఎక్కడ మిగులుతాయి అవి? సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బీర కూడా అంతే. చీకటి పడే వేళ మగ పువ్వు కోసి రెక్కలు తీసేసి, దాని పుప్పొడి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. కింద చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు, ఉత్త కాడ ఉన్నది మగ పువ్వు. నేను టార్చిలైటు పట్టుకుని పాదు కింద దూరి ఈ పని చేస్తుంటే వీధిలో పోయేవాళ్ళు, "ఏందన్నా, పాదుకి పెళ్ళి చేస్తన్నావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేస్తే చెయ్యనీ. ఆ పెళ్ళిళ్ళకి కట్నాలు లేవు, బాకీలు లేవు. నాలుగో రోజుకి పిందె బొటనవేలంత లావైతే వచ్చే సంతోషం మీకు చెప్తే అర్థం కాదు, చేసి చూడాల్సిందే.

పిట్టల కోసం మా నాన్న పౌరాణిక పద్యాల క్యాసెట్లు పాడైపోయినవి ఉంటే రీలు లాగి కర్రలకి అడ్డంగా కట్టా. గాలికి గుయ్యి గుయ్యిమని మోగుతుంది, ఎండకి తళతళలాడుతుంది. ఒక నెల చిలకలు రాలా. తర్వాత అలవాటు పడి దాని మీదే వాలుతున్నాయి. కోతులైతే మొదటి రోజే తెంపి ఆడుకున్నాయి. ఎవరి దగ్గరన్నా కోతులకి నిజంగా పనిచేసిన ఉపాయం ఉంటే చెప్పండి. మా దగ్గర మాత్రం కుక్కే దిక్కు.

విత్తనాలు కొనటం కూడా ఆపేశా. బీర, సొర ఒక మంచి కాయ పాదు మీదే వదిలేస్తే ఎండి గలగలమంటుంది. గుమ్మడి గింజలు మా అమ్మ పేడ పిడకలో ఒత్తి గోడకి కొట్టేది. వానలు పడగానే పిడక తీసి పాదులో పెట్టేది. నేను బూడిద కలిపి ఎండిన సొరబుర్రలో పోసి ఉట్టికి కడుతున్నా. కొన్న హైబ్రిడ్ గింజలకి మాత్రం ఈ పని చెయ్యకండి, రెండో ఏడు కాయ తల్లిలాగా రాదు.

ఇప్పుడు లెక్క. మనం రైతులం, లెక్క లేకుండా ఏదీ నమ్మం, నమ్మకూడదు కూడా. నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీసి చూశా. వారానికి సంతలో మూడు వందలు, మూడు వందల యాభై కూరగాయలకి పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, అల్లం వెల్లుల్లి తప్ప ఏమీ కొనట్లా. ఎండాకాలం రెండు నెలలు తీసేస్తే సంవత్సరానికి పది, పన్నెండు వేలు మిగిలింది. అంతే. నా బాకీ అంతకి చాలా రెట్లు. కాబట్టి దొడ్డి పెంచితే అప్పులు తీరతాయని ఎవరన్నా చెప్తే నమ్మకండి. నా బాకీ ఇంకా కొంత ఉంది, ఏటా కొంచెం కొంచెం కడుతున్నా. మిర్చి ధర ఉంటే కడతా, లేకపోతే లేదు. అది మన చేతుల్లో లేదు.

దొడ్డి ఇచ్చింది వేరు. చేలో నేను ముప్పై ఏళ్ళుగా ఎవరో చెప్పింది చేస్తున్నా. కొట్టు వాడు ఇచ్చిన మందు, కంపెనీ ఇచ్చిన గింజ, యార్డు చెప్పిన ధర. దొడ్లో ఏం చెయ్యాలో నేనే అనుకుంటా, నేనే చేస్తా, పాడైతే నేనే నవ్వుకుంటా. పందిరి కూలితే రెండు రోజుల పని, అంతేగానీ రెండు లక్షల బాకీ కాదు. తప్పు చేసినా తట్టుకోగలిగే చోటు మనిషికి ఒకటి ఉండాలి. నాకు ఆ మూడు సెంట్లు అట్టాంటి చోటు. పిల్ల విషయంలో చేసిన తప్పు ఒక్కటే అట్టా నవ్వుకునేది కాదు, అందుకే దాన్ని మీకు ఇంత పొడుగు చెప్పా.

దొడ్లో నేర్చుకున్నది కొంచెం చేలోకి కూడా పోయింది. ఇప్పుడు మిర్చి చుట్టూ మూడు వరసలు జొన్న వేస్తున్నా, అక్కడక్కడా బంతి పెడుతున్నా. మందు కొట్టే ముందు పది మొక్కలు తిరగేసి చూస్తున్నా, ఎన్ని చెడ్డ పురుగులున్నాయి, ఎన్ని అక్షింతల పురుగులున్నాయి అని. నిరుడు ఆరు పిచికారీలు తగ్గాయి. పూర్తిగా మానలేదు, మానానని అబద్ధం చెప్పను. కానీ ఒక సాలు మిర్చి ఇంటికని విడిగా పెట్టుకున్నా, దొడ్లోనే. ఇప్పుడు పచ్చిమిరపకాయలు కొనట్లా.

మొన్న దసరాకి మనవరాలు మళ్ళీ వచ్చింది. రాగానే దొడ్లోకి పరిగెత్తి నూనె డబ్బా తీసుకుని, "తాతా, ఇది మంచి డబ్బాయేనా?" అని అడిగింది. ఆ రోజు ఏం జరిగిందో దానికి గుర్తుందో, వాళ్ళ అమ్మ చెప్పిందో తెలియదు. "మంచిదే తల్లీ" అన్నా. అయినా వాళ్ళ అమ్మమ్మ వచ్చి డబ్బా అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, అప్పుడు ఇచ్చింది. ఇప్పటికీ దొడ్లోకి ఏ డబ్బా వచ్చినా ఆమె వాసన చూశాకే లోపలికి. అది మా ఇంటి చట్టం.

మీ దొడ్లో పాత సామాను పడి ఉంటే ఒక ఆదివారం తిరగేసి చూడండి. మందు డబ్బాలు పక్కకి తీసి బెజ్జాలు పొడిచెయ్యండి. మిగిలిన వాటితో ఏం చెయ్యొచ్చో కాసేపు అట్టా చూస్తూ కూర్చోండి, అదే తడుతుంది. జానెడు చోటున్నా గోంగూర చల్లండి, అది ఎవరినీ మోసం చెయ్యదు.

పొద్దుపోయింది. సొరపాదు దగ్గర ఇవాళ రెండు పెళ్ళిళ్ళున్నాయి. టార్చిలైటు తీసుకుని పోతున్నా. ఉంటా.